అట్ట వెనక మూడో గొంతు

"కత్తి బల్ల మీద పెట్టు, కేటలిన్. చేతులు పైకి."

గిల్బర్ట్ స్వేల్ పిస్తోలు ఎత్తాడు.   బ్రిటిష్ సీక్రెట్ సర్వీసులో జుట్టు నెరిసేదాకా పనిచేసినవాడు ఇలాంటి మధ్యాహ్నాలు చాలానే చూశాడు. ఒంటి మీద పాస్టర్ వేషం. గట్టి కాలర్ మెడను కోస్తోంది.

కేటలిన్ వెరెబెష్ నవ్వింది. వెన్‌బరీ కేథడ్రల్ లైబ్రరీ మొత్తానికి రంగున్న వస్తువు ఆమె ఎర్ర కోటు ఒక్కటే. రెండు దేశాలు ఆమెకు జీతం ఇస్తున్నాయి. రెండూ ఆమె తమ మనిషే అనుకుంటున్నాయి. ఆమె ముందు పాత ప్రసంగాల పుస్తకం, అట్ట తెరిచి ఉంది.

"ఈ వేషం నీకు బాగుంది, ఫాదర్. పాపాలు చెప్పుకోమంటావా? సాయంత్రమైపోతుంది."

మూల నుంచి లైబ్రేరియన్, ముసలి పాద్రి కేనన్ ఆప్‌కాట్ అరిచాడు. "ఐదొందల ఏళ్ల పుస్తకం అది! కాల్చాలనుంటే కాల్చు నాయనా, రక్తం మాత్రం దాని మీద పడనివ్వకు!"

పొద్దున్నే లండన్ నుంచి బాస్ ఇచ్చిన ఆర్డరు చిన్నది. "ఆ పుస్తకం అట్టే వాళ్ల గూఢచారుల రహస్య పోస్టు డబ్బా. ఆమెను పట్టుకో. ఎదురు తిరిగితే కాల్చెయ్. తర్వాత వియన్నాకు 'గంట మోగింది' అని చెప్పు. ఒటోకర్ రైలెక్కుతాడు."

ఒటోకర్ బ్రాటిస్లావాలో అవతలివాళ్ల సైఫర్ గుమాస్తా, రహస్య లిపిలో సందేశాలు రాసేవాడు. బ్రిటన్ వైపు వచ్చేస్తానన్నాడు. అతనికి ముందు ఇద్దరు స్వేల్ మాట నమ్మి అదే రైలెక్కారు. సరిహద్దులో సైనికులు వాళ్ల కోసమే కాచుకుని ఉన్నారు. లండన్‌లో ఎవరో వాళ్ల పేర్లు అమ్ముతున్నారు. ఇద్దరి భార్యలకూ కబురు మోసింది స్వేలే. మూడో గుమ్మం తొక్కే ఓపిక అతనికి లేదు.

"లండన్‌లో నీ మనిషెవరు?" అన్నాడు.

"నాకేం తెలుసు? నేను డబ్బాలోంచి తీసుకుపోతాను, అంతే. వేసేదెవరో ఎవరూ చెప్పరు. పోయిన వారం నోరు జారి అడిగాను. ఇవాళ నువ్వు పిస్తోలు పట్టుకుని దిగావు." కేటలిన్ భుజాలు ఎగరేసింది. "నీకూ వింతగా లేదూ?"

స్వేల్ పిస్తోలు కాస్త దించాడు. 

"కాల్చేముందు ఒకసారి ఈ అట్ట లోపల చూడు."

అట్ట లోపలివైపు ఒక తోలు కాగితం అంటించి ఉంది. ఏనాడో బైండింగు చేసినవాడు పనికిరాని పాటల పుస్తకాన్ని కోసి, అందులో ఒక పేజీని ఇలా వాడేశాడు. చుట్టూ కొత్త జిగురు. ఒక అంచు మాత్రం కవరు మూతిలా తెరిచి ఉంది. కేటలిన్ కత్తి మొనతో ఆ కాగితాన్ని మొత్తం పైకి లేపింది. కేనన్ మూలిగాడు.

మైక్రోఫిల్మ్ చుట్ట స్వేల్ అరచేతిలో పడింది. అతను ఫిల్మ్ చూస్తున్నాడు. కేనన్ మాత్రం కాగితం వెనకవైపు చూస్తున్నాడు.

కింద చర్చిలో రేపటి ఆరాధనకు గాయకులు సాధన చేస్తున్నారు. మూడు గొంతులు, మూడు దారులు. కేనన్ వేలు కాగితం మీద నల్లటి స్వరాల వెంట కదులుతూ, ఒకచోట ఆగింది. కింద ఒక గొంతు కూడా అక్కడే ఆగింది. మళ్లీ రెండూ ఒకేసారి కదిలాయి.

"ఇదేమిటి?" కేనన్ కాగితం మీదికి ఇంకా వంగాడు.

"చెప్పండి అయ్యగారూ," అన్నాడు స్వేల్.

"వాళ్లు పాడుతున్న పాట ఈ పేజీలోదే, నాయనా. ఇటువైపు రెండు గొంతులే కనిపిస్తాయి. మూడోది అటువైపు. అట్టకు అంటించాక దాన్ని చూసిన మనిషి లేడు. పోయిందనుకున్నాం. లండన్ నుంచి ఆదివారాలు ఒక పెద్దమనిషి వస్తుంటాడు, సంగీతం పిచ్చి. మూడో గొంతు ఊహించి, సొంతంగా కట్టి ఇచ్చాడు."

"అయితే?"

"ఒక్క స్వరం తేడా లేదు. కారణం లేకుండా మధ్యలో గొంతు ఆగడం విన్నావుగా? ఏ పండితుడూ అలా ఊహించడు. ఇది ఈ కాగితం ఊడదీసి, చూసి రాసినదే."

కేటలిన్ ముఖం చిట్లించింది. "అంత తెలివైనవాడు నాలుగు స్వరాలు మార్చి రాయొచ్చుగా?"

"నిజమైనవి కళ్లారా చూశాక తప్పుడువి ఎలా రాస్తాడమ్మా? నేనైనా రాయలేను."

కేనన్ సొరుగులోంచి గాయకులకు పంచిన కాగితం తీసిచ్చాడు. అడుగున మూడో గొంతు కట్టినాయన పేరుంది. స్వేల్ చదివాడు. మళ్లీ చదివాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"తెలిసినవాడా?" అంది కేటలిన్.

"ప్రతి క్రిస్మస్‌కూ నాకు విస్కీ పంపిస్తాడు."

ఫోన్ మోగింది. వియన్నా నుంచి స్వేల్ సహాయకుడు డడ్లీ. "సార్, లండన్ మీకోసం ఆగొద్దంది. ఒటోకర్ రైలెక్కేశాడు. రైలు కూత పెట్టింది!"

"దింపు."

"సార్, ఆర్డరు పైనుంచి..."

"బ్రాటిస్లావా స్టేషన్‌లో మనవాడి పూల కొట్టుకు ఫోన్ కొట్టు. తెల్ల గులాబీలు అడుగు, ఒటోకర్‌ను దిగిపొమ్మనే గుర్తు అది. ఇప్పుడే, డడ్లీ!"

రెండో ఫోన్లో డడ్లీ జర్మన్‌లో గులాబీల కోసం గొంతు చించుకోవడం వినిపించింది. తర్వాత ఏమీ వినిపించలేదు. స్వేల్ కాలర్ విప్పేశాడు. కింద గాయకులు పాట ముగించి దగ్గుతున్నారు. 

"దిగాడు సార్! కదులుతున్న రైల్లోంచి దూకాడు. చీలమండ విరిగిందట."

"విరగనీ." స్వేల్ కళ్లు మూసుకున్నాడు. "బతికాడుగా."

"పై ఆర్డరు కాదని ఆపాను. నా ఉద్యోగం పోయేలా ఉంది. మనవాళ్లను అమ్మింది ఎవరో ఇప్పుడైనా చెప్పండి."

స్వేల్ చేతిలోని కాగితం మరోసారి చూశాడు.

"సర్ ఆస్టిన్ రెడ్‌వర్స్. అవునయ్యా, మన బాసే, జీతాల మీద సంతకం పెట్టే ఆయనే."