చెవి అంచున ఒక చుక్క

ఆ ఉదయం దొరగారు తిండిగిన్నె వాసన చూసి ముఖం తిప్పుకున్నాడు. పన్నెండేళ్ళ మగపిల్లి, మధుమేహం వచ్చి ఏడాది.

“అక్కా, నిన్న ఎంత వచ్చింది?” పాఠాలు చెప్పడానికి బడికి బయలుదేరుతున్న చెల్లెలు అడిగింది.

“సున్నా పాయింట్ రెండు. పుస్తకంలో రాశాగా.”

అక్క తల ఎత్తలేదు. ముప్పై నాలుగేళ్ళు అచ్చుతప్పులు దిద్దిన ఆమెకు అంకె ఒక్కటి తారుమారైనా మనసు కుదుటపడేది కాదు. అందుకే చెల్లెలు వాడి రక్తం కొలిచి రాసే పని ఆమెకు అప్పగించింది. ఒంటికి చక్కెర అందక కొవ్వు కరుగుతుంటే రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు చేరతాయనీ, తిండి తగ్గిన రోజుల్లో చెవి అంచున గుచ్చి ఒక్క చుక్క చేతిమీటరుకు అందిస్తే ముప్పు ముందే తెలుస్తుందనీ, అంకె రెండు దాటితే క్షణం ఆగవద్దనీ పశువుల డాక్టరమ్మ చెప్పింది.

మొదటి రోజు సూది తగలగానే దొరగారు కెవ్వుమన్నాడు. ఆ తరువాత ఆమె ఒళ్ళోకి రాలేదు. మరునాడు ఆమెను చూడగానే మంచం కిందికి దూరాడు. అప్పుడు ఆమె ఆ సూదితో తన వేలినే గుచ్చుకుంది. వచ్చిన అంకె చక్కగా ఉంది. ఆ చక్కదనానికి లొంగి మరి రెండు రోజులూ అదే పని చేసింది.

వంటింటి మూల దొరగారు వాంతి చేసుకున్నాడు. చెల్లెలు సంచీ పడేసి, చెవి గుచ్చి, మీటరు చూసింది.

“నాలుగు పాయింట్ ఎనిమిదా! నిన్న సున్నా పాయింట్ రెండేగా? మీటరు పాడైనట్టుంది. సాయంత్రం మీటరులో పెట్టే కొత్త పట్టీలు తెస్తాను, అప్పుడు చూద్దాంలే.”

చెల్లెలు చెప్పులు వేసుకుంటోంది. తను రాసిన అబద్ధాన్ని నమ్మి, చెల్లెలు కళ్ళెదుటి నిజాన్ని నమ్మడం లేదని అక్కకు అర్థమైంది. 

“మీటరు బాగానే ఉందే. ఈ మూడు రోజుల రక్తం వాడిది కాదు... నాది.”

“నీదా? నీకేమైనా మతి పోయిందా?”

“వాడు నా దగ్గరికి రావడం మానేశాడే.”

“ఒళ్ళోకి రాలేదని ప్రాణం మీదికి తెచ్చావా! బడిలో నా పిల్లలే నయం, కాపీ కొట్టినా అడిగితే ఒప్పుకుంటారు. వాణ్ణి తీసుకెళ్ళే బుట్ట తే, త్వరగా!”

ఇద్దరూ బుట్టతో ఆసుపత్రికి పరుగెత్తారు.  “సాయంత్రం దాకా ఆగి ఉంటే నా చేతుల్లో ఏమీ ఉండేది కాదు,” అంది డాక్టరమ్మ, సెలైన్ ఎక్కిస్తూ.

నాలుగో రోజు దొరగారు ఇల్లు చేరాడు.

“ఇకనుంచి మధ్యాహ్నాలు నేనే వచ్చి చూస్తాలే,” అంటూ చెల్లెలు పుస్తకం తెరిచి ఆగిపోయింది. మూడు అంకెలనూ అక్క ఎర్రసిరాతో కొట్టేసి, ప్రతిదాని పక్కనా ‘నాది’ అని రాసి పెట్టింది.

“ఆ సూది ఇలా ఇవ్వు,” అంది అక్క. ఈసారి వాడి చెవినే గుచ్చింది. సున్నా పాయింట్ మూడు. దొరగారు ఆమెను ఒక్క చూపు చూసి మంచం కిందికి పోయాడు.

చెల్లెలు అక్క చేయి దగ్గరికి లాక్కుని, వేలి కొసన ఇంకా మానని మూడు చుక్కలను బొటనవేలితో మెల్లగా తడిమింది.

“మళ్ళీ అలిగాడే, అక్కా.”

“అలగనీవే,” అంది అక్క కళ్ళు తుడుచుకుంటూ. “అలగడానికైనా ఉన్నాడుగా.”