ఖాళీ గంజు

"మేడం, నేను అడిగింది ఇత్తడి గంజు. మీరు దానితోపాటు పోస్టాఫీసు గూడ అమ్ముతున్రా?"

రోజారాణి చింతపండు గుజ్జుతో చెంబు తోముతూ, ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఉంది. పొద్దున్నే ఈ వెటకారం ఎవరిదో ఆమెకు అర్థం కాలేదు.

"ఎవరు సార్?"

"రంజిత్. జమ్మికుంట. మీ గంజు వేలంల గెలిచినోన్ని. గంజుకు మూడు వందల యాభై, పోస్టేజ్‌కు నాలుగు వందల ఇరవయ్యా? గిదేం లెక్క?"

"బరువును బట్టి సార్. పోస్టాఫీసోళ్ళు తూచి చెప్పిన పైసలే."

"నేను పత్తి మార్కెట్ల కాంటా మీద కూసుంట మేడం. ఫోటో చూసి చెప్తా, గా గంజు కిలోన్నర దాటదు. మీరు ఐదు కిలోలంటున్రు."

"మీ కండ్లే గంత మంచిగ తూస్తుంటె, ఇగ మార్కెట్ల కాంటా ఎందుకు సార్? తీసెయ్యమని చెప్పున్రి."

ఫోన్ కట్.

రంజిత్ తన ఫోన్‌ను, తనను కుట్టిన తేలును చూసినట్టు చూశాడు. ఇంతవరకూ మార్కెట్‌లో ఏ రైతూ, ఏ దళారీ అతని తూకాన్ని అంత మాట అనలేదు. పైగా ఆ గొంతు బాగుంది. కోపానికి అదొక అదనపు కారణం.

అతని అనుమానంలో తప్పు లేదు. ఆన్‌లైన్ వేలాల్లో వస్తువును చవగ్గా చూపించి, లాభమంతా పోస్టేజ్‌లో లాగేవాళ్ళకు కొదవలేదు. సైట్ కమీషన్ ధర మీదే కానీ పోస్టేజ్ మీద ఉండదు కదా. అలాంటివాళ్ళ చేతిలో రంజిత్ ఇదివరకే రెండు మూడుసార్లు బోల్తాపడ్డాడు. వేలం గెలిచి డబ్బు కట్టకపోతే తన పేరే పోతుందని ఈసారీ కట్టేశాడు. కట్టి, వెంటనే సైట్‌లో ఫిర్యాదు పెట్టాడు: పోస్టేజ్ పెంచి అమ్ముతున్నారు.

ఆ ఒక్క వాక్యం బోథ్ ఊళ్ళో ఉన్న రోజారాణి గుండెల్లో రాయి వేసింది. వారంలోగా సరైన జవాబు ఇవ్వకపోతే దుకాణం మూసేస్తామని సైట్ నుంచి మెసేజ్ వచ్చింది.

దుకాణమంటే పెద్దదేమీ కాదు. చుట్టుపక్కల ఊళ్ళలో అందరూ స్టీలుకు మారి అటక మీద పడేసిన గంజులు, చెంబుల్లాంటి ఇత్తడి వంటసామాను ఆమె కొని తెస్తుంది, బంగారంలా తోమి ఫోటో తీసి వేలానికి పెడుతుంది. అప్పటికి రెండే పార్శిళ్ళు పోయాయి. కానీ ఇది నిలబడితే తండ్రి గోపాల్ మస్కట్ పని మానేసి ఇంటికి వచ్చెయ్యొచ్చు. "దుకాణం నడుస్తుంది బాపూ, ఇగ రా," అని ఆమె మొన్ననే గొప్పగా చెప్పింది. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

నాలుగు రోజులకు, మంచి వానలో, గంజు జమ్మికుంట చేరింది. రంజిత్ గుడ్డకుట్లు విప్పి, మూత తీసి, అట్లాగే ఉండిపోయాడు. గంజు అంచులదాకా కందిపప్పు.

"ఓహో, గిట్లనా కథ!" అనుకున్నాడు. బరువు పెంచడానికి పప్పు పోసే మోసం అతను ఎక్కడా వినలేదు. వెంటనే ఫోన్ కలిపాడు.

"మేడం, తూకం పెంచెతందుకు పప్పు పోసిండ్రా?"

"ఏం పప్పు?"

"కందిపప్పు. గంజు నిండా."

అవతల ఏదో కింద పడింది. తర్వాత పరుగెత్తుతున్న చప్పుడు. తర్వాత, ఫోన్ చేతిలోనే ఉందని మరచిపోయిన ఒక పిల్ల అరుపు.

"అవ్వా! గంజుల పప్పు పోసినవానే?"

"పోసిన," అంది రోజారాణి తల్లి శంకరవ్వ, ఇందులో అడగడానికేముంది అన్నట్టు. "ఇంట్ల నుంచి గంజు బయటికి పోతుంటె ఖాళీగ పంపుతమా? ఎవలన్న ఏమనుకుంటరు? మొన్న పోయిన చెంబులల్ల జొన్నలు పోసిన. నువ్వు ఫోటోలు తీసుకుంట కూసుంటవ్, మూట కుట్టేది నేను గాదా?"

రోజారాణికి అప్పుడు వెలిగింది. మొదటి కొనుగోలుదారు 'అన్నిటికీ థాంక్స్' అని రాస్తే మర్యాదస్తుడు అనుకుంది. అవ్వ కుట్టి ఇచ్చిన మూటను నేరుగా పోస్టాఫీసుకు మోసుకుపోయి, ఇత్తడి ఇంత బరువుంటుంది కాబోలు అనుకుంది. ముందు ఏడుపు వచ్చింది. ఆ వెంటనే నవ్వు తన్నుకొచ్చింది. ఇక ఆగలేదు. నవ్వీ నవ్వీ, "సార్, సారీ సార్... మా అవ్వ సార్..." అంటూ మళ్ళీ నవ్వింది.

రంజిత్ ఫోన్ చెవికి ఆనించుకుని వింటూ నిల్చున్నాడు. అతనికి ఆ నవ్వు మీద ప్రేమ పుట్టింది. అంతే, దాచేదేముంది?

"మీ పోస్టేజ్ పైసలు వాపస్ పంపుత," అంది ఆమె, నవ్వు ఆపుకుని. "పప్పు నేను మీకు అమ్మలే గదా. తప్పు మాదే. కాకపోతే... జర ఫిర్యాదు వాపస్ తీసుకుంటరా? మా బాపుకు మాటిచ్చిన సార్."

ఆ మాట విన్నాక రంజిత్‌కు తన తూకం మీద తనకే చిరాకేసింది. ఈలోగా ఫోన్‌లోంచి గట్టిగా వినిపిస్తున్న మాటలు విని వంటింట్లోంచి అతని తల్లి బాలలక్ష్మి వచ్చింది. అప్పటికే దోసెడు పప్పు పొయ్యి మీద ఉడుకుతోంది.

"ఏం వాపస్ రా? ఇంటి పప్పు మంచిగ వాసన వస్తుంది. నిండు గంజు పంపినోళ్ళ మీద ఫిర్యాదు పెట్టినవా? సిగ్గులేదారా నీకు?"

"పైసలు వద్దు మేడం," అన్నాడు రంజిత్ ఫోన్‌లో. "ఫికర్ జెయ్యకున్రి."

ఆ రోజే సైట్‌కు రాశాడు: బరువు నిజమే, తూకం నిజమే, నా అనుమానమే తప్పు. పార్శిల్ గుడ్డ మీద పోస్టాఫీసు వేసిన బరువు ఫోటో తీసి జత చేశాడు. దుకాణం బతికింది.

అక్కడితో అయిపోవాలి. కానీ బాలలక్ష్మి ఊరుకోలేదు. నిండు గంజు వచ్చిన ఇంటికి తిరిగి ఏదో ఒకటి పోవాల్సిందేనంది. డబ్బా నిండా సకినాలు సర్దింది. బోథ్ చేరేసరికి అవి పొడిపొడి.

"సకినాలు పంపిండ్రా, సకినాల పిండి పంపిండ్రా?" అని రోజారాణి ఫోన్ చేసింది. "పోస్టేజ్ మాత్రం మస్తు పెట్టిండ్రు. ఫిర్యాదు పెట్టాల్నా?"

"పెట్టున్రి. జవాబు చెప్పెతందుకు రోజూ ఫోన్ చేస్త."

ఖాళీ డబ్బా తిరిగి పంపడం శంకరవ్వ వల్ల అవుతుందా? జొన్నలు పోసింది. దానికి బదులు జమ్మికుంట నుంచి పసుపు వచ్చింది. దానికి బదులు ఇటు నుంచి అప్పడాలు పోయాయి. ఇద్దరు తల్లుల మర్యాదకు ఇద్దరు పిల్లలు పోస్టేజ్ కట్టీ కట్టీ పరేషాన్ అయ్యారు. అయినా ఒక్కరూ ఆపమనలేదు. 'మేడం' పోయి 'రోజా' అయింది. 'సార్' పోయి 'ఓయ్' అయింది.

దుకాణం పద్ధతి కూడా మారింది. అవ్వకు ఇప్పుడు ఒక్కో పాత్రలో పిడికెడు గింజలకే అనుమతి. 'మా ఇంటి పాత్ర ఖాళీగా రాదు' అని రోజారాణి ఫోటో కింద రాసింది. ఆ మాటకే కొనేవాళ్ళు పెరిగారు. బాపు ఇగ తిరిగి పోనని చెప్పి మస్కట్ నుంచి బయలుదేరాడు.

సరిగ్గా అప్పుడే జమ్మికుంట నుంచి పార్శిళ్ళు ఆగిపోయాయి. ఫోన్ చేస్తే, "పత్తి సీజన్ రోజా, తీరుతలేదు," అంటాడు. మాటల్లో ఏదో దాపరికం. ఆమెకు అన్నం సయించలేదు. పోస్టుమ్యాన్ సైకిల్ గంట వినిపిస్తే వాకిట్లోకి పోవడం, ఉత్త చేతులతో రావడం. తనకు అతనంటే ఇంత ఇష్టమని ఆమెకు అప్పుడే తెలిసింది.

బాపు వచ్చిన మరునాడు, జల్లు కురుస్తుండగా, వాకిట్లో ఒక మనిషి నిలబడ్డాడు. కరీంనగర్‌లో ఒక బస్సు, నిర్మల్‌లో ఇంకో బస్సు మారి, నిలువునా తడిసి వచ్చాడు. చంకలో అదే ఇత్తడి గంజు. వీడియో కాల్‌లో చూసిన మొహమే. కాకపోతే ఇంత బెదురుగా ఎప్పుడూ లేదు.

రోజారాణి ఎదురుపోయి గంజు అందుకుంది. అందుకోగానే చేతులకు తెలిసింది. మూత తీసింది.

ఖాళీ.

ఆ ఇంట్లో ఖాళీ గంజు తిరిగి రావడమంటే ఇక రాకపోకలు వద్దని చెప్పడమే. ఆమె కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి.

"ఖాళీ గంజు తెచ్చినవా? మా ఇంట్ల దీనికి అర్థం ఏందో ఎరుకేనా నీకు?"

"ఎరుకే. మీ అవ్వనే చెప్పింది ఒకపారి." అతను గంజును మెల్లగా ఆమె చేతుల్లోంచి తీసుకుని, గోపాల్, శంకరవ్వల ముందు పెట్టాడు. "మా అవ్వ ఏదన్న పోసి ఇస్తనన్నది. నేనే వద్దన్న. కాక మస్కట్ నుంచి వచ్చేదాంక ఆగిన. గీ గంజు ఈసారి మీ ఇంట్లనే నిండాలె. రోజా ఒడిబియ్యం గిందుల పోసి పంపుతరా అని అడుగుదామని వచ్చిన. నాకు రోజా అంటే పానం. మీరు ఊ అంటే, రేపే మా అవ్వ, బాపు వస్తరు."

పెళ్ళయి పోయే బిడ్డ ఒడిలో పుట్టింటివాళ్ళు పోసే బియ్యం గుర్తొచ్చి శంకరవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గోపాల్ గంజు ఎత్తి చూశాడు.

"కిలోన్నర ఉంటది," అన్నాడు.

"నేను మొదటి రోజే చెప్పిన కాకా, వినలే," అన్నాడు రంజిత్.

గోపాల్ నవ్వాడు. "నాదేముంది? గా పిల్లను అడుగు."

గా పిల్ల అక్కడ లేదు. లోపల డబ్బా మూత చప్పుడైంది. రోజారాణి రెండు చేతులా బియ్యం తెచ్చి, ఎవరి మొహమూ చూడకుండా గంజులో పోసింది.

"ముందుగాల గివి," అంది. "తూచుకో. తక్కువుంటె ఫిర్యాదు పెట్టుకో."