మాట ఆగిన చోట

చరోదా రైల్వే కాలనీ మణిమాల చెప్పిందంటూ వందన పొద్దున్నే మోసుకొచ్చిన కబురిది: ఆమె పక్కింటి వరలక్ష్మమ్మ, దక్షిణామూర్తి మాస్టారి నాటకం కాజేసి తన పేరుతో ఆడించబోతోందట. "వడియాలు ఎట్టుకునే మనిషికి నాటకాలేటి?" అని కూడా మణిమాల అందట.

వందన పనిచేసేది స్టీల్ ప్లాంటు టౌన్‌షిప్ సెక్టర్ 4లో ప్రైవేటు డిటెక్టివ్ అరుణజ్యోతి దగ్గర. ఆవిడ టీ గ్లాసు దించేలోపే ఆ వరలక్ష్మమ్మే గుమ్మంలో నిలబడింది. చేతిలో మాస్టారి తరఫున దుర్గ్ వకీలు పంపిన నోటీసు ఉంది.

"జైల్లో ఎడతారా అమ్మా? ఉగాదికి మా ఆడోళ్ళం ఆడదామనుకున్నాం. 'కుళాయి కాడ కోర్టు' నేనే రాసేను. భాష దిద్దుతానని మేస్టారు పట్టికెల్లేరు. ఉన్నది ఆ ఒక్క కాపీయే. ఇప్పుడు ఆయన పేరుతో పుస్తకం ఒచ్చీసింది."

"దొంగ మాస్టారు!" అంది వందన.

"అనకు తల్లీ. పెళ్ళయ్యాక నాకు అక్షరాలు నేర్పింది ఆయనే."

సెక్టర్‌లోని తన ఇంట్లో దక్షిణామూర్తి ఇద్దరినీ మర్యాదగానే కూర్చోబెట్టాడు. "ఎప్పుడో రేడియో కోసం రాసుకున్న నాటిక ఇది. కాపీరైట్ ఆఫీసులో రిజిస్టరు కూడా చేయించాను. చూసుకోండి."

ఆ కాగితం చూసి వందనకు నీరసం వచ్చింది. అరుణజ్యోతి మాత్రం పుస్తకం తిరగేస్తూ ఒకచోట ఆగింది. "ఇక్కడ అందరూ మాటలాపేసి ఒకరి తలలో ఒకరు పేలు చూసుకుంటారు. రెండు పేజీల తర్వాత మళ్ళీ అంతే. ఎందుకండీ?"

"నాటకీయత!" అన్నాడాయన.

అక్కణ్ణుంచి చరోదా వెళ్ళారు. వరలక్ష్మమ్మ గోంగూర ఒలుస్తూ పాత సంగతే మళ్ళీ చెబుతోంది. ఇంతలో యార్డులోంచి గూడ్సు బండి పెట్టెలన్నీ గుద్దుకుంటూ బయల్దేరింది. ఆవిడ మాట సగంలో ఆపి, తలవంచుకుని ఆకు ఒలిచింది. బండి పోయాక ఆగిన మాట దగ్గరే అందుకుంది.

"కేసు అయిపోయింది, వందనా," అంది అరుణజ్యోతి ఆటోలో.

"ఎలా దీదీ? ఆమె కొత్తగా ఏమీ చెప్పనే లేదు!"

"చెప్పలేదు. ఆగింది."

ఆదివారం రిహార్సలుకని అరుణజ్యోతి, మాస్టారితో సహా అందరినీ వరలక్ష్మమ్మ వాకిట్లోకి పిలిపించింది. మణిమాల అందరికంటే ముందొచ్చి కూర్చుంది. మాస్టారు తన రిజిస్ట్రేషన్ గురించి చెబుతుండగా గూడ్సు బండి మోత అందుకుంది. కాలనీ ఆడవాళ్ళు టక్కున నోళ్ళు మూశారు. సెక్టర్ మనిషి మాస్టారొక్కడే పెదవులాడిస్తూ ఉండిపోయాడు. ఒక్క ముక్క వినబడలేదు.

బండి వెళ్ళిపోయింది.

"ఈవిడ నాటకాలు ఆడేది ఈ పట్టాల పక్కనే," అంది అరుణజ్యోతి. "బండొస్తే డైలాగు పోతుంది. అందుకని అక్కడక్కడ మాటలాపి చేసుకునే పని రాసి పెట్టుకుంది. బండి పోయేదాకా దాన్ని సాగదీస్తారు. మాస్టారూ, పేలు చూసుకుంటే రేడియోలో ఏం వినిపిస్తుంది?"

మణిమాల ఫక్కుమని నవ్వి నోరు కప్పుకుంది.

"కుళాయి దగ్గర గొడవ ఎవరైనా రాయొచ్చు," అన్నాడాయన నీళ్ళు నములుతూ.

"రాయొచ్చు. ఆలోచన ఎవరి సొత్తూ కాదు. ఈ మాటలు, ఈ అల్లిక మాత్రం ఆమెవి. కాగితం మీద పెట్టినప్పుడే హక్కు పుట్టింది. రిజిస్ట్రేషన్ ఒక సాక్ష్యం మాత్రమే, అబద్ధమని తేలితే నిలవదు. భాష దిద్దినంత మాత్రాన రచయితలైపోరు. ఆమె రాసివ్వందే హక్కు మీకు రాదు. రాసిచ్చినా, రచయిత్రిగా ఆమె పేరు చెరిపే వీల్లేదు."

మాస్టారు రిజిస్ట్రేషన్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నా జన్మలో ఇలాంటిది ఒక్కటీ రాయలేకపోయాను," అన్నాడు చివరికి. "నోటీసు వెనక్కి తీసుకుంటాను. పుస్తకం ఆపేస్తాను."

వరలక్ష్మమ్మ లేచి ఆయన కాళ్ళకు దండం పెట్టింది. "మీరు అక్షరాలు దిద్దించకపోతే ఇదంతా నా నోట్లోనే ఉండిపోయేది మేస్టారూ. ఉగాదికి ముందు వరసలో మీకు కుర్చీ ఏయిస్తాను."

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "అయితే వరలక్ష్మీ... ఆ అక్షరాల కోసమైనా, నీ పేరు పక్కన నా పేరు కూడా వెయ్యకూడదూ?"

"దండం ఎన్నిసార్లయినా ఎడతాను మేస్టారూ. పేరు మాత్రం ఇవ్వను."