రెండు చుక్కలు దగ్గరైతే

"నేనూ పైలట్‌నే మేడం."

ఆ మాటన్న కుర్రాడి చేతిలో ఉగ్గాని ప్లేటుంది, మీసాల కింద నవ్వుంది. ఫెబాకు ఒళ్లు మండింది. ఎయిర్‌ఫోర్స్ నుంచి సెలవు మీద వచ్చిన దగ్గర్నుంచి నంద్యాలలో గడప దాటితే చాలు, ఎవరో ఒకరు విమానాల సంగతి ఎత్తుతున్నారు. ఆ బాధ పడలేక ఆదివారం ఆళ్లగడ్డలో పిన్ని ఇంటికొస్తే, ఇక్కడ ఇంకొకడు తయారు.

"ఏ విమానమో?"

"తెల్లది. నెత్తిన లైటు తిరుగుతాంటాది. కూత గూడా పెడ్తాది."

పిన్ని కూతురు బ్లెస్సీ పకపకా నవ్వింది. "అక్కా, మా చర్చి వినీతన్న 108 అంబులెన్స్ తోలుతాడు. వాళ్లను పైలట్లనే అంటారు. నిజ్జంగా!"

"అయితే నా ముందర జోకులేస్తాడా?"

"జోక్ కాదు మేడం. మీరు విమానాలకు దారి చెప్తారంట గదా. నాకైతే చెప్పేటోళ్లు ఎవరూ లేరు. ఎట్ల చెప్తారో తెల్సుకుందామని అడుగుతాండా."

ఫెబా ప్లేటు కింద పెట్టి విసవిసా మిద్దె ఎక్కేసింది. ఆ అబ్బాయికేం తెలుసు పాపం, సరిగ్గా పుండు మీదే వేలు పెట్టానని.

కాసేపటికి మజ్జిగ గ్లాసుతో వినీత్ మిద్దె మీదికొచ్చాడు. గ్లాసు గోడ మీద పెట్టి, తప్పు చేసిన బడిపిల్లాడిలా దూరంగా నిలబడ్డాడు. ఎందుకో తెలియదు, అమ్మకు కూడా చెప్పని సంగతి ఫెబా అతనికి చెప్పేసింది. కొత్త మనిషి దగ్గర చెప్పుకోవడం కొన్నిసార్లు తేలిక.

ఆమె ఫైటర్ కంట్రోలర్. చీకటి గదిలో రాడార్ ముందు కూర్చుంటుంది. గాల్లో ఉన్న పైలట్‌కు శత్రు విమానాలన్నీ కనిపించవు. వాటి బొమ్మను ఆమె మాటలతో గీసివ్వాలి. ముందు ఎన్ని గుంపులో చెప్పాలి, తర్వాత ఏ ఆకారంలో వస్తున్నాయో. మూడు గుంపులు పక్కపక్కన వస్తుంటే వాల్, ఒకదాని వెనక ఒకటైతే ల్యాడర్. ఆ తర్వాత, ముందే అనుకున్న ఒక గుర్తు నుంచి ఏ దిక్కున, ఎంత దూరంలో, ఎంత ఎత్తులో ఉన్నాయో. ఇదంతా ఒక్క గుక్కలో, గొంతు వణక్కుండా చెప్పాలి.

"పోయిన నెల యుద్ధ విన్యాసాల్లో నా గొంతు పడిపోయింది," అంది ఫెబా. "ముందు రోజు ఆ పైలట్ ఇంట్లో పాప బర్త్‌డే. పాపను ఒళ్లో కూర్చోబెట్టుకోని కేకు తినిపించినా. తెల్లారి వాళ్ల నాయన స్క్రీన్ మీద చుక్క. ఎదురుగా ఇంకో చుక్క వస్తాంది. చూస్తాండా, కానీ నోరు పెగల్లా. రెండు విమానాలూ గుద్దుకోకుండా వెంట్రుకవాసిలో తప్పిపోయినాయి."

"ఇప్పుడేమంటారు వాళ్లు?"

"సెలవు అయిపోయినాక బోర్డు ముందర పరీక్ష. అప్పుడు గూడా గొంతు పట్టుకుంటే ఆ కుర్చీ ఇంక నాది కాదు. ఫైళ్లు చూసుకోవల్ల."

వినీత్ గోడ మీద వేళ్లతో దరువు వేస్తూ కాసేపు ఆలోచించాడు. "మనకు నాలుగు బండ్లుండాయి. ఫోన్లలో లైవ్ లొకేషన్ ఉండాది. నేను ఊరి బయట నుంచి వస్తా. దుష్మన్లు నన్ను పట్టుకోకుండా ఈ మిద్దె కాడికి చేర్చు, చూద్దాం."

అతను మీరు నుంచి నువ్వుకు ఎప్పుడు దిగాడో ఇద్దరూ గమనించలేదు.

* * *

ఆ రోజు నుంచి ఫెబా నంద్యాలలో బస్సెక్కి ఆళ్లగడ్డకు రావడం, మిద్దె మీద ఫోన్ పట్టుకుని కూర్చోవడం. శత్రువులు ముగ్గురు. స్కూటీ మీద బ్లెస్సీ, బైకుల మీద ఇద్దరు: వినీత్ అంబులెన్స్‌లోనే రోగుల్ని చూసుకునే శాంసన్, బజారులో కిరాణా కొట్టు భాస్కరయ్య కొడుకు భరణి. గుర్తు నాలుగు రోడ్ల కూడలి. వినీత్ హెల్మెట్ లోపల ఇయర్‌ఫోన్.

"మూడు గుంపులు, ల్యాడర్. ముందున్నది కూడలికి ఉత్తరాన అర కిలోమీటరు, నీ వైపే వస్తాంది."

"ముందున్నది ఎవురు?"

"అది నీకెందుకు? గుంపు, అంతే."

"బ్లెస్సీ అయితే భయం ల్యా. ఆ యమ్మికి గేదె అడ్డమొచ్చినా దిగి దండం పెడ్తాది."

"రేడియోలో సొల్లు మాటలొద్దు. ఎడమ సందులో దూరు."

గొంతు పలికింది! చుక్కలు దగ్గరైనా పలికింది, పక్కపక్కన గోడలా వచ్చి దారి మూసేసినా పలికింది. ఓడిన వాళ్లు మిరపకాయ బజ్జీలు తేవాలని పందెం. రోజూ భరణే తెచ్చేవాడు, తెస్తూ గొణిగేవాడు.

"నంద్యాల నుంచి ఇంత దూరం మా గొంతు కోసేకే వస్తుందప్పా ఈ యక్క!"

నయమైపోయింది అనుకుంది ఫెబా. సంతోషంలో ఇంకో సంగతి ఆమె కంటికి ఆనలేదు. బస్సు ఆళ్లగడ్డ చేరే ముందు కిటికీ అద్దంలో జుట్టు సర్దుకోవడం అలవాటైంది. అతను రాకముందే ఆ బైకు చప్పుడు చెవికి తెలిసిపోతోంది.

ఒకరోజు వినీత్ రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు. మిద్దె మెట్ల మీద కూర్చుని, ఏదో యాక్సిడెంట్ కేసు సంగతి చెబుతూ, మాట మధ్యలోనే నిద్రపోయాడు. చేతిలో బజ్జీ అట్లాగే ఉంది. వాన మొదలైంది. లేపబుద్ధి కాక ఫెబా గొడుగు తెచ్చి అతని మీద పట్టుకుంది. చెయ్యి నొప్పి పుట్టింది, సగం తడిసింది. అయినా కదల్లేదు. ఈ మనిషి ఎప్పుడూ ఇట్లాగే క్షేమంగా తన కళ్ల ముందు ఉంటే చాలు అనిపించింది.

మరుసటి రోజు ఆటలో వినీత్ చుక్క ఒక సందు మలుపు వైపు వస్తోంది. అవతలి నుంచి శాంసన్ చుక్క. రెండూ దగ్గరవుతున్నాయి.

ఫెబా నోరు తెరిచింది. మాట రాలేదు.

"చెప్పు. యాడుండాడు వాడు? ఫెబా? వినపడ్తాండాదా?"

అది చుక్క కాదు. మెట్ల మీద బజ్జీ పట్టుకుని నిద్రపోయిన మనిషి. ఫోన్‌లో బ్రేకుల చప్పుడు, ఆ వెంటనే శాంసన్ కేక.

కాసేపటికి వినీత్ నిలువెల్లా బురదతో, మోచేయి గీరుకుపోయి, నవ్వుతూ వచ్చాడు. "ఏం కాలా. కాలవలో పడినా, అంతే. మళ్ల చేద్దాం, రా."

ఫెబా మొహంలో నెత్తురు చుక్క లేదు. "వద్దు. ఇంక నువ్వు రావద్దు."

"ఏందీ?"

"ఈడికి రావద్దు. నీ సాయం నాకొద్దు."

బ్లెస్సీ నోరెళ్లబెట్టింది. వినీత్ నవ్వు మెల్లగా ఆరిపోయింది. "పని అయిపోయిందా ఆఫీసరమ్మా? డ్రైవర్‌తో ఇంక అవసరం ల్యాదా?"

కాదు అని చెప్పాలి. నీ మీద ఇష్టం పెరిగినకొద్దీ నా గొంతు పోతోందని చెప్పాలి. ఆ మాటకు కూడా గొంతు రాలేదు. అతను తప్పుగా అనుకుంటేనే నయమని తలవంచుకుంది. వినీత్ బైకు తీసి వెళ్లిపోయాడు. ఆ చప్పుడు కూడలి దాకా వినిపించింది.

* * *

సెలవు అయిపోవచ్చింది. రేపు పొద్దున రైలు. పిన్నికి చెప్పి నంద్యాల బస్సెక్కింది ఫెబా. హైవే మీద లారీ బోల్తా పడిందని బండ్లన్నీ గోస్పాడు రోడ్డుకు మళ్లించారు. ఒకటే వాన. సన్నటి రోడ్డు, రెండు పక్కలా వరి మళ్లు. మలుపు దగ్గర బస్సు టైరు పగిలి సగం రోడ్డు మీద నిలిచిపోయింది. వెనక లారీలు, ఆటోలు బారులు తీరాయి. ఎదుటి నుంచి వచ్చే బండ్లు మాత్రం మిగిలిన సగంలో ఆగకుండా పోతున్నాయి.

దూరంగా సైరన్ వినిపించింది.

ఆ కూత ఎవరి బండిదో ఫెబా గుండెకు ముందే తెలిసింది. ఫోన్ చేసింది. వినీత్ ఫోన్ శాంసన్ ఎత్తాడు.

"అక్కా, ఇప్పుడు కాదు! కాన్పు కేసు. జీవమ్మ అని, నెత్తురు ఆగడం ల్యా. బేగా నంద్యాల చేరకపోతే..." లోపల ఆడమనిషి మూలుగు. "ముందర ఏందో జామ్, ఏం కనపల్లా!"

"స్పీకర్ పెట్టు."

ఫెబా చెప్పులు విడిచి బస్సు వెనక నిచ్చెన ఎక్కింది. "ఏ పాపా, దిగు! జారి పడ్తావ్!" అని డ్రైవర్ అరుస్తున్నాడు. పైన వాన మొహాన కొడుతోంది. అయినా రోడ్డంతా కనిపిస్తోంది. ఇటు బారు చివర అంబులెన్స్ నీలం లైటు. అటు మలుపు అవతల పొలంలో సెల్ టవర్, దాని ముందుగా వస్తున్న బండ్లు.

"వినీత్. నేను బస్సు మీదుండా. గుర్తు టవర్. కనపడ్తాండాదా?"

అతని గొంతు, పొడిగా. "కనపడ్తాంది. చెప్పు."

"మూడు గుంపులు, ల్యాడర్. ముందు రెండు గడ్డి ట్రాక్టర్లు, టవర్‌కు ఇవతల, నెమ్మది. మూడోది టిప్పర్, టవర్ కాడ, స్పీడు. కుడి పక్క రా. మెల్లగా."

అంబులెన్స్ బారులోంచి బయటపడి కుడివైపున కదిలింది. సైరన్ విని ట్రాక్టర్ల వాళ్లు పాపం మంచి మనసుతో రోడ్డంచుకు జరిగి ఆగారు. దారి ఇచ్చారనుకుని వినీత్ వేగం పెంచాడు.

టిప్పర్ వాడికి సైరన్ వినిపించలేదో ఏమో. ట్రాక్టర్లు ఎందుకాగాయో తెలియక, వాటిని దాటేందుకు రోడ్డు మధ్యకు తిరిగాడు. కొండంత గడ్డి మోపుల చాటున ఆ టిప్పర్ కింద ఎవరికీ కనిపించదు. పైనున్న ఫెబాకు ఒక్కదానికే కనిపిస్తోంది.

రెండు చుక్కలు దగ్గరవుతున్నాయి.

గొంతు బిగుసుకుంది. లోపల జీవమ్మ, శాంసన్, వినీత్. ఒక్కరు కూడా చుక్క కాదు. అందులో ఉన్నది వినీత్. నేను చెప్పకపోతే అతనికి చెప్పేవాళ్లు ఈ భూమ్మీద ఇంకెవరూ లేరు.

"ల్యాడర్ విరిగింది. టిప్పర్ నీకు ఎదురుగా, నడి రోడ్డు మీద. ఆపు. ఎడమ పక్క, రెండు లారీల మధ్య సందుంది. దూరు. ఇప్పుడే."

అతను ఎందుకని అడగలేదు. అంబులెన్స్ బురద చిమ్ముకుంటూ రెండు లారీల మధ్యకు దూరి ఆగింది. గాలి కొట్టేంత దగ్గరగా టిప్పర్ దాటిపోయింది. ఎవరో ఆటోలోంచి కెవ్వుమన్నారు.

"ఇప్పుడు ఎవరూ ల్యారు. దారి ఖాళీ. రా వినీత్, రా."

తెల్లబండి బస్సు పక్కనుంచి దూసుకుపోయింది. అతను తలెత్తి చూడలేదు. అతని పని అది. నీలం లైటు మలుపు తిరిగిపోయాక ఫెబా బస్సు పైన తడి రేకుల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

* * *

సాయంత్రం నంద్యాల ఆసుపత్రి ఆవరణలో వినీత్ బకెట్ నీళ్లతో బండి లోపల కడుగుతున్నాడు. ఫెబాను చూసి చీపురు పక్కన పెట్టాడు.

"ఆడపిల్ల. తల్లీబిడ్డా బాగుండారు."

"నీకు?"

"నాకేమయ్యింది? నాకు దారి చెప్పేటోళ్లుండ్రి గదా." ఆగాడు. "ఒకటి చెప్పు. ఆ పొద్దు నన్నెందుకు పొమ్మంటివి?"

ఫెబా అతని గీరుకుపోయిన మోచేయి వైపు చూస్తూ చెప్పింది. "నువ్వెవరో తెలీనన్ని రోజులు నా గొంతు బాగా పలికింది. నువ్వు నాకు కావల్సినోడివి అయినాక పోయింది. నిన్ను పొమ్మంటే వస్తాదనుకున్యా."

వినీత్‌కు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక చెవుల దాకా ఎర్రబడ్డాడు. "అంటే... ఆ రోజు నేను కాలవలో పడింది..."

"అవును. నీ మీద ప్రేమతోనే."

"నాయనా! ఇంకొంచెం ప్రేముంటే సచ్చిపోతాంటి గదా!"

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే ఫెబా కళ్లు తుడుచుకుంది. అతను ఆమె చెయ్యి పట్టుకోబోయి, తన చేతులకు ఫినాయిల్ వాసన ఉందని వెనక్కి తీసుకున్నాడు. ఆమే పట్టుకుంది.

* * *

బోర్డు రోజు రాడార్ ముందు కూర్చునే ముందు ఫెబా ఒక పని చేసింది. ఆ పూట తన మాట మీద ఎగరబోయే పైలట్‌ను కలిసి పేరు అడిగింది, ఇంట్లో ఎవరెవరున్నారని అడిగింది. చెల్లెలి పెళ్లి ఉందని చెప్పాడతను. ఆ పెళ్లికి అతన్ని పంపాలి అనుకుని హెడ్‌సెట్ పెట్టుకుంది. చుక్కలు దగ్గరైన చోట ఆమె గొంతు పలికింది, ఒక్క మాట కూడా తడబడలేదు.

బయటికి రాగానే వినీత్‌కు ఫోన్ చేసింది.

"ఏమయ్యింది?"

"పాసైనా. కుర్చీ నాదే."

అవతల శాంసన్ ఏదో అడుగుతున్నాడు, వాన కురుస్తోంది, వినీత్ మాత్రం పలకడం లేదు. కుర్చీ ఆమెదైతే ఆమె అక్కడే. తను ఆళ్లగడ్డలో.

"వినీత్?"

"సంతోషం," అన్నాడు చివరికి. "నిజ్జంగా సంతోషం ఫెబా. మరి... మనం?"

"బాగా విను. ఆదివారం చర్చి అయినాక మీ నాయన మద్దిలేటిని తోలుకోని నంద్యాలకు పో. మా అమ్మ కృపావతి టీచర్ ఇంట్లోనే ఉంటాది. పిల్లనిమ్మని అడుగు."

"నువ్వు ల్యాకుండానా? టీచరమ్మ నన్ను బెంచీ ఎక్కిస్తాది!"

"ఎక్కియ్యదు. నేను నిన్న రాత్రే చెప్పినా."

"నిన్ననా? పరీక్ష కాకముందేనా? ఫెయిలైంటే?"

"ఫెయిలైనా నువ్వే, పాసైనా నువ్వే," అంది ఫెబా. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు బాగా వణికింది, ఆమె దాచుకోలేదు.