పౌరుడు లేచి నిలబడితే

ప్రింటర్ యోస్ట్ గూలెట్ శవం అతని ప్రెస్ పక్కనే దొరికింది. పది వేళ్లూ విరిచేసి ఉన్నాయి. అచ్చు మీద సిరా ఇంకా ఆరలేదు.

న్యూయార్క్. 1788 వేసవి.

"వేళ్లు విరిచినా పేరు చెప్పలేదు," అన్నాడు కల్నల్ హాథార్న్. ఇంగ్లండ్ రాజుతో పోరాడిన యుద్ధకాలంలో గూఢచారులను నడిపిన మనిషి. గొంతు ఇప్పటికీ పైకి లేవదు. "చెప్పి ఉంటే 'పౌరుడు' ఈపాటికి చచ్చేవాడు."

'పౌరుడు' అనే మారుపేరుతో గూలెట్ పత్రికలో వ్యాసాలు వస్తున్నాయి. రాష్ట్రాలన్నిటినీ ఒకే దేశంగా కట్టే కొత్త రాజ్యాంగాన్ని న్యూయార్క్ ఎందుకు ఒప్పుకోవాలో అవి వాదిస్తున్నాయి. రాసేదెవరో గూలెట్ ఒక్కడికే తెలుసు. దాని మీద ఓటు వేయడానికి నది ఎగువన పొకీప్సీ ఊళ్లో, కోర్టు హాల్లో కూర్చున్న ప్రతినిధుల్లో ఎక్కువమంది వ్యతిరేకులే. ఇప్పుడిప్పుడే కొందరు మెత్తబడుతున్నారు.

"ఇది లండన్ మనుషుల పనే అంటున్నారు. వాళ్లకు ఇందులో ఏం లాభం?" అడిగాడు ఏజెంట్ బేరెంట్ స్కాట్స్.

"మనం ముక్కలుగా ఉంటే ఒక్కొక్కటే మింగొచ్చు. పొకీప్సీ వెళ్లు. అక్కడ లవీనియా ఉంది."

"ఆవిడ రెండు వైపులా పనిచేస్తుందిగా, కల్నల్."

"అందుకే ఆవిడకు అన్నీ తెలుస్తాయి. పూర్తిగా మాత్రం నమ్మకు."

పొకీప్సీ రేవులో ఆకుపచ్చ పట్టు గౌనులో నిలబడి ఉంది లవీనియా. బ్రిటిష్ అధికారి భార్య ఒకప్పుడు, యుద్ధం విధవను చేసింది. నీళ్లు మోసేవాడి వేషంలో బకెట్ పట్టుకుని బేరెంట్ పక్కకు చేరాడు.

"షాడ్ చేపలు ఉన్నాయా, అమ్మగారూ?"

"సీజన్ అయిపోయింది. ఇక స్టర్జన్ చేపలే గతి." కోడ్ కలిసింది. ఆమె గొంతు తగ్గించింది. "ఈ వేషం నీకు పుట్టుకతో వచ్చినట్టుంది. విను. రేపు హాల్లో పౌరుడి పేరుతో దొంగ వ్యాసం పంచుతారు. ఓటు గెలిచాక ఇంగ్లండ్ రాకుమారుణ్ని తెచ్చి సింహాసనం ఎక్కిస్తామని రాసి ఉంటుంది."

"అయితే ఓటు పోయినట్టే."

"అది సగమే. అసలు పౌరుడు సభలోనే ఉన్నాడని వాళ్ల అనుమానం. అది నాది కాదని చెప్పడానికి లేస్తాడు. లేచినవాణ్ని కాల్చేస్తారు."

"ఎవరు?"

"మొహం నేనూ చూడలేదు."

"దొంగ వ్యాసం రాసిందెవరు?"

లవీనియా నది వైపు చూసింది. "ఎండ ఎక్కువగా ఉంది. వెళ్తా."

మరునాడు హాలు కిక్కిరిసింది. బేరెంట్ గ్యాలరీలో నీళ్లు అందిస్తూ ఒక్కొక్క చేతినే చూస్తున్నాడు. కింద కాగితాలు చేతులు మారాయి. ఎవరో పైకి చదివారు.

"రాజా?" అన్నాడు ఒక రైతు ప్రతినిధి. "రాజు కోసమా మా తమ్ముడు చచ్చింది?"

ముందు బెంచీలో ఒక సన్నటి లాయరు మొహం పాలిపోయింది. అతని చేతులు బెంచీని పట్టుకున్నాయి. లేవబోతున్నాడు. పౌరుడెవరో బేరెంట్‌కు ఆ క్షణంలో తెలిసిపోయింది. తెలిసింది తనొక్కడికే కాదు. గ్యాలరీ చివర ఒక పాదిరీ ప్రార్థన పుస్తకం తెరిచాడు. లోపల పేజీలు లేవు.

"కూర్చోండి సార్," అని ఒక ఆడగొంతు వినిపించింది. గ్యాలరీ మధ్యలో లవీనియా నిలబడి ఉంది. "ఈ అబద్ధం రాసింది నేను. రాయించింది లండన్. గూలెట్‌ను చంపినవాళ్లు కూడా వాళ్లే."

పుస్తకంలోంచి తీసిన పిస్తోలు ఆమె వైపు తిరిగింది. బేరెంట్ బకెట్ విసిరాడు. నీళ్లు మందుగుండు మీద పడ్డాయి. ట్రిగ్గర్ టక్కుమంది, అంతే. మరుక్షణం పాదిరీ నేల మీద, బేరెంట్ మోకాలు అతని మెడ మీద.

కొన్ని వారాలకు, మూడే ఓట్ల తేడాతో న్యూయార్క్ రాజ్యాంగాన్ని ఒప్పుకుంది. కాపలా గదిలో లవీనియా ఇంకా విచారణ కోసం ఎదురుచూస్తోంది.

"ఎందుకు లేచారు?" అడిగాడు బేరెంట్.

"పౌరుడిలా రాయాలంటే ఆయన రాసినవన్నీ చదవాలి కదా. చదివాక ఒప్పుకోక తప్పలేదు, నా ఖర్మ." ఆమె తల తిప్పింది. "నువ్వు చదివావా?"

బేరెంట్ టోపీ సర్దుకున్నాడు.

"మొదటిదే ఇంకా సగంలో ఉంది."