శెనక్కాయల సంచి

"ఏమప్పా, నీకు బుద్ధుండాదా?"

బుక్కరాయసముద్రంలోని తన నెట్ సెంటర్‌లో జ్యోతిలక్ష్మి అరిచిన అరుపుకి అందరూ తలలు తిప్పారు. ఎదురుగా దేవేంద్ర. ఒక చేత్తో నాలుగేళ్ల కూతురు మౌనికను పట్టుకుని, ఇంకో చేత్తో శెనక్కాయల సంచి చాస్తున్నాడు.

"మీకే తెచ్చినా మేడం. ఉత్త చేతుల్తో ఎట్ల వస్తా?"

ఆ పిల్లకు శెనక్కాయ పడదు. ఒక్క గింజ తిన్నా ఒళ్లంతా దద్దుర్లు, ఆపైన ఊపిరాడదు. తల్లి లేదు. ఇలాంటి పిల్లల్ని పెంచేవాళ్లకు ఇంటర్నెట్‌లో పాఠాలున్నాయని డాక్టరు చెప్పాక, ప్రతి ఆదివారం పక్క పల్లె నుంచి బస్సెక్కి వస్తున్నాడు. పాఠాలేమో ఇంగ్లీషులో. చదివి తెలుగులో చెప్పే ఖర్మ జ్యోతిలక్ష్మిది.

"మొదటి పాఠంలో ఏం చెప్పినా?"

"ఇంట్లో శెనక్కాయ ఉండకూడదని."

"మరిదేంది?"

"ఇంట్లో లేదు కదా మేడం! అంతా మీకే తెచ్చేసినా."

జ్యోతిలక్ష్మి నెత్తి కొట్టుకుంది. "పో, సబ్బుతో చేతులు కడుక్కోపో. పాపకూ కడుగు!"

తరువాతి వారం చింతపండు తెచ్చాడు. విసుక్కుంటూనే తీసుకుంది. కరెంటు రావాలి, లైను కలవాలి, ఆపైన ఈ మనిషికి అర్థం కావాలి. విసుగు రాక ఏం చేస్తుంది? అయినా బస్సు ఆలస్యమైతే గడపలోకి వచ్చి చూసేది. అప్పుడు తన మీద తనకే ఒళ్లు మండేది.

ఆఖరి పాఠం వచ్చింది.

"ఆపదొస్తే ఏం చేయాలో తెలిసిన పెద్దోళ్లు ఇంట్లో ఇద్దరన్నా ఉండాలంట. నువ్వొకడివి. రెండో మనిషెవరు?"

"మాయమ్మ ఉండాది గానీ... శెనక్కాయ తింటే బలమే, రోగమేందిరా అని నిన్ననే పాప నోట్లో పెట్టబోయింది. నేను చూసినా కాబట్టి సరిపోయింది."

జ్యోతిలక్ష్మి ఒళ్లో కూర్చున్న మౌనికను దగ్గరికి లాక్కుంది. "ఇట్లయితే ఎట్లప్పా! ఎవర్నో ఒకర్ని చూసుకోవాల కదా?"

దేవేంద్ర గొంతు సవరించుకున్నాడు. "ఈ పాఠాలన్నీ నేర్చుకున్నోళ్లు ఈ చుట్టుపక్కల ఇద్దరమే మేడం. నేనూ... మీరూ."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "ఆ మాట అడిగేకి ఇన్ని ఆదివారాలా?"

"పాఠాలు అయిపోనియ్యాల కదా. ఒగటే బాధ. జన్మంతా మీరు శెనక్కాయ చట్నీ మానుకోవాల."

"నీ తెలివి తెల్లారినట్టే ఉండాది! నీ సంచి విప్పకుండానే పక్కింటికిచ్చేసినా. ఆ దినం నుంచే చట్నీ మానేసినా. వారం వారం పాప నా ఒళ్లోనే కూచుంటుంది కదప్పా!"