చుక్క కనబడని థ

ఆదివారం పొద్దున కట్టమ్మ బియ్యంలో రాళ్లేరుతుంటే, కూతురు అరుణ ఒక కాగితం తెచ్చి ఆమె ముందు పెట్టింది. కంప్యూటర్ అచ్చు వేసిన కాగితం. అందులోని తెలుగు అక్షరాలన్నీ సన్నని చుక్కలే. ఒక్కో అక్షరాన్నీ గళ్ల కాగితం మీద గీసుకుని, చుక్క చుక్కగా తానే కంప్యూటర్‌కు ఎక్కించింది అరుణ.

ఆ పిచ్చి చిన్ననాటిది. తండ్రి సాంబయ్య ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ గదికి అటెండరు. కంప్యూటర్‌కు లెక్కలు ఎక్కించి పారేసిన చిల్లుల కార్డులు ఇంటికి తెచ్చేవాడు. ఆరేళ్ల అరుణ వాటిని ఎండకు పట్టి, చిల్లులు కలుపుతూ అ, ఆలు గీసేది. సాంబయ్య చనిపోయాక కూడా అక్కడి సారు రాజేశ్వర్ రావు ఆమెను ఆ యంత్రం ముందు కూర్చోనిచ్చాడు. ఇప్పుడు, ఎనభై ఏడులో, హైదరాబాదు కంపెనీ ఒకటి కంప్యూటర్‌కు తెలుగు అక్షరాలు గీసేవాళ్లను వెతుకుతోంది. సోమవారం రమ్మంది. నచ్చితే అక్కడే ఉద్యోగం, అక్కడే హాస్టలు.

"నువ్వు చదివితేనే నేను పోత అమ్మా," అంది అరుణ.

కట్టమ్మ బడి ముఖం చూడలేదు. పొట్లాల కాగితాలు కూడబలుక్కుని నలభై ఏళ్లకు చదవడం నేర్చింది. ఆమెకు అందిన అక్షరం అందరికీ అందుతుందని అరుణ నమ్మకం.

కట్టమ్మ కాగితమంతా కళ్లతోనే చదివేసింది. బొంబాయి దగ్గరి భీవండికి కాపురానికి పోయిన పెద్దకూతురు కమల ఇంటికి వచ్చి నాలుగేళ్లయింది. ఇక ఇదీ పోతుంది.

"చదవొస్తలేదు బిడ్డా. అన్నీ చీమల లెక్క ఉన్నయి."

అక్షరాలు కుదరలేదని, రాలేనని అరుణ కంపెనీకి కార్డు రాసి పోస్టు డబ్బాలో వేసి వచ్చింది. అన్నం ముట్టలేదు.

సాయంత్రం కట్టమ్మ బిందెలు, బకీట్లు, చివరికి చెంబులు కూడా నింపి పెట్టింది. ఇన్ని నీళ్లెందుకని అరుణ అడిగితే, రేపు నల్లా రాదు కదా అంది.

"నీకెవలు చెప్పిన్రు?"

పక్కింటి భద్రమ్మ చెప్పిందని కట్టమ్మ తడబడింది.

"భద్రమ్మత్త మొన్ననే పాలంపేట పోయింది. నల్లా రాదన్న ముచ్చట నేను కల్పించి రాసిన. ఆ కాగితంల తప్ప ఏడ లేదు."

కట్టమ్మ చేతిలోని చెంబు కింద పెట్టింది. "మీ నాయిన పోయిండు. అక్క పోయింది. నేనింక ఎవలతోని మాట్లాడాలె?"

"పోవద్దంటే ఆగుదునేమో. పదిహేనేండ్ల నా పనిని చీమలన్నవ్. పొద్దుగాల బండికి పోత. కార్డు కన్నా ముందు నేనే చేరుత."

కట్టమ్మ కాగితం తీసుకుని ఏడుస్తూనే పైకి చదివింది. నల్లా సంగతి, కూరగాయల పేర్లు, ఊళ్ల పేర్లు, అన్నీ తడుముకోకుండా చదివి ఒక్కచోట ఆగింది.

"రఘునాథపల్లి అని రాసినవ్ గదా. 'థ' కడుపుల చుక్క కనబడ్తలేదు. 'ద' లెక్కనే ఉన్నది. మా తల్లిగారి ఊరు గాబట్టి పోల్చుకున్న. ఇది మాత్రం నిజం బిడ్డా."

అరుణ అక్షరం వైపు చూడలేదు. తల్లి ముఖంలోకి చూసింది, నమ్మాలో వద్దో తేల్చుకుంటున్నట్టు. ఆ చూపులోనే ఎంతో దూరం కనబడింది కట్టమ్మకు. బిడ్డ ఇంకా రైలెక్కనేలేదు.

అరుణ లేచి గళ్ల కాగితం, పెన్సిలు తెచ్చి పక్కన కూర్చుంది. "ఏడ పెట్టాలె చుక్క?" అంది పొడిగా.

కట్టమ్మ ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటూ, రెండో చేతి వేలితో ఒక గడి చూపించింది.